ఓర్సే మ్యూజియంలో బూగ్రో బొమ్మ చూసొచ్చాను, మాట్లాడుకుందాం

లియోన్_నుంచి:
అందరికీ నమస్కారం. చదువు కోసం ఫ్రాన్స్ వచ్చి ఏడాదిన్నర అయింది. మొన్న శనివారం పారిస్‌లో ఓర్సే మ్యూజియంకి వెళ్లాను. అందరిలాగే మోనే, వాన్ గో బొమ్మల కోసమే వెళ్లాను. తీరా నన్ను కదలనివ్వకుండా నిలబెట్టింది వేరే బొమ్మ.

దాదాపు మూడు మీటర్ల ఎత్తు ఉంటుంది. ఇద్దరు మగవాళ్లు కలబడ్డారు, ఒంటి మీద నూలుపోగు లేదు. ఒకడు రెండోవాడి వీపులో మోకాలు దిగేసి, వెనక్కి విరిచి, గొంతు కొరుకుతున్నాడు. వాడి వేళ్లు ఎదుటివాడి పక్కటెముకల మీద ఎంత గట్టిగా దిగాయంటే, చర్మం మడతలు పడింది. వెనక మంటల ఎరుపు. చేతులు కట్టుకుని నవ్వుతూ ఎగురుతున్న దయ్యం. పక్కన ఇద్దరు నిలబడి చూస్తున్నారు. పేరు 'డాంటే, వర్జిల్', 1850. గీసింది విలియం-అడాల్ఫ్ బూగ్రో.

ఈ పేరు నాకు ఫోన్ వాల్‌పేపర్ల పుణ్యమా అని తెలుసు. రెక్కలున్న చిన్నపిల్లలిద్దరు ముద్దు పెట్టుకునే బొమ్మ ఉంది కదా, అది ఆయనదే. ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఒకటేనా? ఆ మనిషి గురించి తెలిసినవాళ్లు చెప్పండి. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మాస్టారు:
అమ్మాయ్, మంచి బొమ్మ దగ్గరే ఆగావు. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. ఆ బొమ్మని అచ్చులో చూడటమే కానీ ఎదురుగా నిలబడి చూసే అదృష్టం నాకు కలగలేదు.

ముందు కథ చెబుతాను. అది ఇటలీ మహాకవి డాంటే తన కావ్యంలో రాసిన నరకంలో మోసగాళ్లు ఉండే చోటు. పక్కన నిలబడి చూస్తున్న ఇద్దరూ డాంటే, అతనికి దారి చూపే పాత రోమన్ కవి వర్జిల్. కొరికేవాడు జాన్ని స్కిక్కి. చచ్చిపోయిన మనిషిలా నటించి వీలునామా రాయించినవాడు. కొరికించుకునేవాడు కాపోక్కియో, దొంగ రసవాది. బూగ్రోకి అప్పటికి పాతికేళ్లు. ప్రి ద రోమ్ అని ఫ్రాన్స్‌లో పెద్ద పోటీ ఉండేది. పోటీకొచ్చినవాళ్లని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, ఒక కథ ఇచ్చి గీయమనేవాళ్లు. గెలిస్తే రోమ్‌లో ప్రభుత్వ ఖర్చుతో చదువు. 1848లో, 1849లో రెండుసార్లు ఆయనకి మొదటి బహుమతి దక్కలేదు. ఆ కసి అంతా నువ్వు చూసిన బొమ్మలో ఉంది. 1850లో 'అరాక్సెస్ నది ఒడ్డున పశువుల కాపరులకి దొరికిన జెనోబియా' అనే బొమ్మకి బహుమతి వచ్చింది.

పుట్టింది 1825 నవంబరు 30న, పడమటి తీరంలో లా రోషెల్ అనే రేవు పట్నంలో. తండ్రి ద్రాక్షసారా వ్యాపారి, తరవాత ఆలివ్ నూనె వ్యాపారంలోకి దిగాడు. ఇంట్లో ఇబ్బందులొచ్చి పన్నెండేళ్ల పిల్లాణ్ని పాదిరీగా ఉన్న చిన్నాన్న దగ్గరికి పంపేశారు. చదువు మీద, ప్రకృతి మీద ఇష్టం కలిగించింది ఆ చిన్నాన్నే. పాన్స్ అనే ఊళ్లో బడికి పంపితే అక్కడ లూయీ సాజ్ అనే డ్రాయింగ్ మాస్టారు దొరికాడు. ఆ సాజ్ ఆంగ్ర్ అనే పెద్ద చిత్రకారుడి దగ్గర నేర్చుకున్నవాడు. ఎక్కడో పల్లెటూరి బడిలో ఒక మంచి మాస్టారు దొరకడం ఎంత పెద్ద విషయమో నాకు బాగా తెలుసు. తరవాత బోర్డోలో ఒక పక్క పని, ఇంకో పక్క మున్సిపల్ డ్రాయింగ్ స్కూలు. ఖర్చులకి లిథోగ్రాఫ్ అచ్చుబొమ్మలకి చేత్తో రంగులు వేసేవాడు.

పారిస్ వెళ్లడానికి డబ్బు కావాలి. చిన్నాన్న తెలిసినవాళ్లతో చెప్పి పోర్ట్రెయిట్ల పని ఇప్పించాడు. మూడు నెలల్లో 33 పోర్ట్రెయిట్లు గీశాడట! ఆ డబ్బుతో 1846లో పారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళా పాఠశాల ఎకోల్ దె బోజార్‌లో, పికో గారి శిష్యరికంలో చేరాడు. శవాలు కోసి చూపించే అనాటమీ క్లాసులకి కూడా వెళ్లేవాడు. నువ్వు చూసిన ఆ పక్కటెముకలు అక్కడివే.

కొత్తగా_వచ్చా:
పేరు ఎలా పలకాలి? బౌగెరో అనా?

లియోన్_నుంచి:
ఇక్కడివాళ్లు 'బూగ్రో' అనే అంటున్నారండీ. మధ్యలో అక్షరం దాదాపు వినపడదు.

ఉదయకాంతి:
మాస్టారి మీద గౌరవంతోనే నా మాట చెబుతాను. ఆ పాతికేళ్ల కుర్రాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ తరవాత యాభై ఏళ్లు ఆయన చేసిన పని మీదే ఉంది. ఇలాంటి భయంకరమైన బొమ్మలు ఎవరూ కొనడం లేదని, జనం కొనేదే గీయాలని ఆయనే ఒప్పుకున్నాడు. అక్కణ్నుంచి వీనస్‌లు, మన్మథులు, నీళ్ల కుండతో పల్లె పిల్లలు. గొర్రెలు కాసే పిల్ల వట్టి కాళ్లతో పొలంలో నిలబడి ఉంటుంది, కాళ్లకి మట్టి అంటదు. ఆ పిల్ల ఆకలి, అలసట ఏవీ మన దాకా రావు.

ఇంకో మాట. ఆ రోజుల్లో సలోన్ అంటే పారిస్‌లో జరిగే ప్రభుత్వ చిత్రకళా ప్రదర్శన. అక్కడ చోటు దొరకకపోతే చిత్రకారుడికి బతుకు లేదు. 1863లో వేల బొమ్మలు తిప్పికొడితే గోల తట్టుకోలేక చక్రవర్తే 'తిరస్కృతుల సలోన్' పెట్టించాల్సి వచ్చింది. మానే (మోనే కాదు, వేరే చిత్రకారుడు) బొమ్మని చూసి జనం నవ్వింది అక్కడే. అదే ఏడాది అసలు సలోన్‌లో కబనెల్ అనే చిత్రకారుడు 'వీనస్ జననం' పెడితే చక్రవర్తి స్వయంగా కొనుక్కున్నాడు. చివరికి 1874లో మోనే, డెగా, పిస్సారో వాళ్లంతా ఫొటోగ్రాఫర్ నాదార్ స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. బూగ్రో 1876లో ఫ్రాన్స్ కళల అకాడమీ సభ్యుడై, సలోన్‌కి బొమ్మలు ఎంపిక చేసే జ్యూరీల్లో కూర్చున్న మనిషి. ఆ కొత్త తరం చిత్రకారుడు సెజాన్‌ని ఏళ్ల తరబడి తిప్పికొట్టారు. సెజాన్ ఆ ప్రదర్శనని 'బూగ్రో సలోన్' అనేవాడు. నున్నగా, తళతళలాడేలా చేసిన బొమ్మ కనబడితే డెగా మిత్రబృందం దానికి బూగ్రో పేరు మీదే ఒక మాట పుట్టించింది. వాళ్లకి తగిలిన దెబ్బలు నిజమైనవి.

బెజవాడ_బ్రష్:
నేను సినిమా బ్యానర్లు గీసినవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చేదాకా అదే నా అన్నం. పని తెలిసినవాడిగా ఒక్క మాట చెప్పనివ్వండి.

'నున్నగా' అని తేలిగ్గా అనేస్తున్నారు. ఒంటి రంగు నున్నగా కలపడం అంత తేలిక కాదు. మేం స్టిల్ మీద గళ్లు కొట్టి, అవే గళ్లు గుడ్డ మీద పెద్దవి కొట్టి, పెద్ద బ్రష్‌తో దూరానికి కనపడేలా వేసేవాళ్లం. దగ్గరికొస్తే ముక్కు ఒక పట్టీ, బుగ్గ ఒక పట్టీ. నేను ఆయన బొమ్మల్ని కంప్యూటర్‌లో ఎంత పెద్దది చేసి చూసినా పట్టీ దొరకలేదు. మోచేతి దగ్గర గులాబీ రంగు ఎక్కడ ఆగిందో, నీడలో నీలం పచ్చన ఎక్కడ మొదలైందో గీత కనపడదు. పలుచగా పొర మీద పొర వేసి, ఆరనిచ్చి, మళ్లీ వేస్తే కానీ అలా రాదు.

ఆయన పని చేసే పద్ధతి చదివాను. ముందు చిన్న చిన్న స్కెచ్‌లు. తరవాత రంగుల్లో చిన్న నమూనా. తరవాత మోడల్‌ని నిలబెట్టి ఒక్కో మనిషికి విడిగా డ్రాయింగ్. తలకి, చేతులకి, గుడ్డ మడతలకి మళ్లీ విడిగా స్టడీలు. అప్పుడు అసలు సైజు కార్టూన్ (అంటే పూర్తి కొలత నమూనా డ్రాయింగ్). అది గుడ్డ మీదికి ఎక్కించాక అసలు పని మొదలు. ఇంత చేసి జీవితంలో ఎనిమిది వందలకి పైగా బొమ్మలు పూర్తి చేశాడు. పొద్దున స్టూడియోకి వెళ్తే చీకటి పడేదాకా పని, చీకటి పడిందని ఆపాల్సి వస్తే మర్నాటి కోసం ఎదురు చూపు. తన పని తనకి సరదా మాత్రమే కాదని, అది లేకపోతే బతకలేనని చెప్పుకున్నాడు. ఆ మాట నాకు అర్థమవుతుంది.

ఉదయకాంతి:
అన్నా, మీ మాట కాదనను. పనితనం విషయంలో ఎవరికీ అనుమానం లేదు. ఆ పనితనంతో ఏం చెప్పాడన్నదే నా ప్రశ్న.

రంగుల_అరుగు:
ఉదయకాంతి గారూ, ఆయన ఏం చెప్పాడో నేను చెబుతాను. ఇంట్లో పిల్లల్ని నిద్రపుచ్చాక బొమ్మలు వేసుకునే మనిషిని నేను. ఈయన జీవితం చదివినప్పుడు నన్ను పట్టుకున్నది సలోన్ గొడవలు కావు.

భార్య నెల్లీ మోంషబ్లోన్. ఐదుగురు పిల్లలు. 1866లో జాన్ అనే కూతురు పోయింది, ఇంకా ఐదేళ్లు కూడా లేవు. 1875 జూలైలో పదహారేళ్ల జార్జ్ పోయాడు. 1877 ఏప్రిల్‌లో నెల్లీ పోయింది. రెండు నెలలకే చంటివాడు మోరిస్ కూడా పోయాడు. చివరికి 1900లో ఎదిగొచ్చిన కొడుకు పాల్ క్షయతో పోయాడు. ఐదుగురిలో నలుగుర్ని ఆ తండ్రి తన చేతులతోనే సాగనంపాడు. మిగిలింది పెద్ద కూతురు ఆన్రియెట్ ఒక్కతే.

జార్జ్ పోయాక గీసిన 'పియెటా' చూడండి. 1876 సలోన్‌లో పెట్టాడు. నల్లటి ముసుగులో మేరీ, ఒళ్లో కొడుకు శవం, చుట్టూ దేవదూతలు. మేరీ మనల్నే సూటిగా చూస్తుంది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లు. అడుగున నేల మీద ఉన్న పాత్ర మీద, ప్రియమైన కొడుకు జార్జ్ జ్ఞాపకార్థం అని లాటిన్‌లో రాసి, తేదీ వేశాడు. ఇంత పెద్ద మత చిత్రంలో ఒక తండ్రి తన పిల్లాడి పేరు రాసుకున్నాడు.

1877లో గీసిన 'ఓదార్చే కన్య' అయితే నేను ఎక్కువసేపు చూడలేను. ఒక తల్లి మేరీమాత ఒళ్లో బోర్లా పడిపోయి ఉంటుంది. మొహం కూడా నిలపలేకపోతుంది. కాళ్ల దగ్గర నేల మీద చచ్చిపోయిన పసివాడు, చుట్టూ రాలిన గులాబీలు. మేరీ రెండు చేతులూ పైకెత్తి ఆకాశం వైపు చూస్తుంది. ఆ తల్లి చెయ్యి ఎంత బరువుగా, ప్రాణం లేనట్టు వేలాడుతుందో చూడండి. బిడ్డని పోగొట్టుకున్న ఆడవాళ్లు అలా పడిపోవడం మా ఇంట్లో చూశాను. ఆ భుజం ఆయన ఊహించి గీసింది కాదు.

అందుకే ఆయన గీసిన ఆరోగ్యంగా, బొద్దుగా, ఎర్రటి బుగ్గలతో ఉండే పిల్లలు నాకు వట్టి తీపిగా అనిపించరు. బతికి ఉంటే తన పిల్లలు ఎలా ఉండేవాళ్లో రోజూ గీసుకున్నాడేమో అనిపిస్తుంది. అది నా ఊహే. కానీ ఆ లెక్క తెలిశాక వేరేగా చూడలేకపోతున్నాను.

లియోన్_నుంచి:
అక్కా, ఇది చదివి కళ్లనీళ్లు వచ్చాయి. 'ఓదార్చే కన్య' గురించి అస్సలు తెలియదు నాకు.

ఉదయకాంతి:
రంగుల అరుగు గారూ, 'ఓదార్చే కన్య' ఇప్పుడే తెరిచి చూశాను. ఆ భుజం గురించి మీరు చెప్పింది నిజం. ఈ బొమ్మని ఇన్నాళ్లూ ఎందుకు పట్టించుకోలేదో! సెజాన్ విషయంలో మాత్రం నా మాట నాదే.

మాస్టారు:
ఉండాలి కూడా. సెజాన్‌కి న్యాయం చేయాలంటే బూగ్రోని తిట్టక్కర్లేదు, బూగ్రోని మెచ్చుకోవాలంటే సెజాన్ బాధని దాచక్కర్లేదు.

మాతిస్ సంగతి కూడా చెప్పుకుందాం, లేకపోతే ఒక పక్షం మాటే చెప్పినట్టవుతుంది. 1891లో మాతిస్, అకాడమీ జూలియన్ అనే ప్రైవేటు చిత్రకళ బడిలో బూగ్రో క్లాసులో చేరాడు. బొగ్గుతో వేసిన గీతని వేలితో చెరుపుతున్నావని, నీకు పర్‌స్పెక్టివ్ రాదని ఈయన మందలించాడు. మాతిస్ అక్కడ ఇమడలేక, తరవాత గుస్తావ్ మోరో దగ్గరికి వెళ్లిపోయాడు. గురువుగా ఈయన ఒక పెద్ద చిత్రకారుణ్ని గుర్తించలేకపోయాడు. అది తప్పే. నా సర్వీసులో నేనూ కొందరు పిల్లల గీతలు ముందు సరిగ్గా అర్థం చేసుకోలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అదే జూలియన్‌లో ఇంకో సంగతి ఉంది. ఎకోల్ దె బోజార్ ఆడపిల్లల్ని 1897 దాకా చేర్చుకోలేదు. జూలియన్‌లో మాత్రం ఆడవాళ్లకి చోటు ఉండేది, మగవాళ్లకన్నా ఎక్కువ ఫీజు కట్టించుకున్నా సరే. బూగ్రో అక్కడ 1875 నుంచి ఎంతోమంది ఆడపిల్లలకి పాఠం చెప్పాడు.

రంగుల_అరుగు:
మాస్టారూ, ఆడవాళ్ల మాట ఎత్తారు కాబట్టి ఎలిజబెత్ జేన్ గార్డ్‌నర్ గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ పిల్ల. 1864లో చిత్రకళ నేర్చుకోవడానికి పారిస్ వచ్చింది. ఆడవాళ్లని రానివ్వని డ్రాయింగ్ స్కూల్లో కూర్చోవడానికి, మగవాళ్ల బట్టలు వేసుకుంటానని పోలీసుల దగ్గర అనుమతి తెచ్చుకుంది! ఆ తరవాత సలోన్‌లో మెడల్ కూడా తీసుకుంది.

నెల్లీ పోయాక, 1879లో ఈవిడకీ బూగ్రోకీ పెళ్లి నిశ్చయమైంది. ఆయన తల్లి ఒప్పుకోలేదు. ఆవిడ బతికుండగా పెళ్లి చేసుకోనని ఆయన ఆగిపోయాడు. పదిహేడేళ్లు! 1896లో తల్లి పోయాక చేసుకున్నారు. అప్పటికి ఆయనకి డెబ్బై ఏళ్లు, ఈవిడకి యాభై ఎనిమిది. అన్నేళ్లూ ఇద్దరూ పారిస్‌లోని మోన్‌పర్నాస్ పేటలో ఒకే వీధిలో ఉంటూ గీసుకున్నారు.

ఈవిడ బొమ్మలు అచ్చం ఆయన బొమ్మల్లా ఉన్నాయని విమర్శించేవాళ్లు. ఎవరికీ తెలియకుండా ఉండే కన్నా, బూగ్రోని అందరికన్నా బాగా అనుకరించేదాన్ని అనిపించుకోవడమే నాకిష్టం అని ఆవిడ చెప్పింది. ఆ మాటకి నేను ఎన్నోసార్లు బాధపడ్డాను. పెళ్లయ్యాక చాలావరకు బ్రష్ పక్కన పెట్టి ఆయన్ని చూసుకుంది, ఆయన పోయాక మళ్లీ పట్టుకుంది. ఆవిడ తనకోసం గీసుకునే రోజులు ఇంకాస్త ఎక్కువ ఉంటే ఏం గీసేదో.

కొత్తగా_వచ్చా:
అంత పెద్ద పేరున్న మనిషి మరి మధ్యలో ఎలా మాయమయ్యాడు? ఆర్ట్ హిస్టరీ పరీక్ష కోసం చదివినప్పుడు ఎక్కడా తగల్లేదు.

మాస్టారు:
ఆయన 1905 ఆగస్టు 19న సొంత ఊరు లా రోషెల్‌లోనే పోయాడు. ఆ తరవాత కాలమంతా ఆయన తిప్పికొట్టిన వాళ్లదే అయింది. పుస్తకాలు రాసినవాళ్లు వాళ్ల పక్షం. ఈయన పేరు వస్తే చెడ్డ ఉదాహరణగానే వచ్చేది.

'వనదేవతలు, సాటిర్' అనే బొమ్మ సంగతి చూడు. 1873 నాటిది. మేక కాళ్ల సాటిర్‌ని వనదేవతలు నీళ్లలోకి లాగుతుంటారు, వాడికి ఈత రాదు. అది అమెరికా చేరి, 1882 నుంచి 1901 దాకా న్యూయార్క్‌లో హాఫ్‌మన్ హౌస్ అనే హోటల్ బారులో వేలాడింది. జనం దాని కోసమే వచ్చేవాళ్లు. తరవాత కొన్నవాళ్లు ఎవరి కంటా పడకుండా గోదాములో పెట్టించేశారు. దశాబ్దాల పాటు చీకట్లో ఉంది. స్టెర్లింగ్ క్లార్క్ అనే సేకర్త కంటపడి, ఇప్పుడు ఆయన పేరున్న మ్యూజియంలో ఉంది. బూగ్రో పేరుకి జరిగింది కూడా దాదాపు అదే. 1984లో పారిస్, మాంట్రియల్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో పెద్ద ప్రదర్శన జరిగాక జనం మళ్లీ చూడటం మొదలుపెట్టారు. 1986లో ఓర్సే మ్యూజియం తెరిచినప్పుడు మోనే, బూగ్రో ఒకే కప్పు కిందికి వచ్చారు.

బెజవాడ_బ్రష్:
మాస్టారూ, మా పని కూడా ఒక్క సీజన్‌లో అయిపోయింది. నిన్నటిదాకా మా సంతకం చూసి బ్యానర్ గుర్తుపట్టినవాళ్లు ఫ్లెక్సీ వచ్చాక గోడ దగ్గర ఆగలేదు. గీసిన గుడ్డలు టార్పాలిన్లకి పోయాయి. ఆయనవి గోదాములో అయినా ఉన్నాయి, సంతోషం.

ఇంకోటి చెప్పాలి. రోజాలీ టోబియా అనే ఇటలీ ఆవిడ వయసులో ఉన్నప్పుడు బూగ్రోకి మోడల్‌గా నిలబడింది. తరవాత మోన్‌పర్నాస్‌లో చిన్న హోటల్ పెట్టుకుంది. మోడిలియాని అనే కొత్త తరం చిత్రకారుడు అక్కడే తినేవాడు, డబ్బుల్లేక బొమ్మలు ఇచ్చేవాడు. అంటే పాత కాలానికి నిలబడిన మనిషే కొత్త కాలానికి అన్నం పెట్టింది.

ఉదయకాంతి:
ఇది నాకు తెలియదు అన్నా. మోడిలియాని నాకు ప్రాణం. ఈ ఒక్క ముక్క కోసం ఈ థ్రెడ్ దాచుకుంటాను.

డబ్బు సంగతి కూడా ఒకటి చేర్చనివ్వండి. 1884లో ఆయన గీసిన 'బాకస్ యవ్వనం' ఆరు మీటర్ల వెడల్పు. అన్నేళ్లూ ఆయన కుటుంబం దగ్గరే ఉంది. 2019లో న్యూయార్క్‌లో వేలానికి పెడితే 2.5 నుంచి 3.5 కోట్ల డాలర్లు వస్తుందని అంచనా వేశారు. అంత ధరకి కొనేవాళ్లు రాక అమ్ముడుపోలేదు. దాన్నిబట్టి ఆయన తక్కువవాడని నేను అనను. ఆయన విషయంలో ఇంకా ఎవరూ ఒక మాట మీదికి రాలేదని మాత్రం అనిపిస్తుంది.

లియోన్_నుంచి:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇవన్నీ చదివాక లా రోషెల్‌కి రైలు టికెట్ తీసుకున్నాను, వచ్చే నెల మొదటి వారంలో. అక్కడి కెథడ్రల్‌లో మేరీమాత చాపెల్ పైకప్పుకి బూగ్రో బొమ్మలు ఉన్నాయి. 1875లో మొదలుపెట్టి, ఆరేళ్లలో రాగి రేకుల మీద ఆరు బొమ్మలు వేశాడు. అంటే జార్జ్ పోయిన ఏడాదే మొదలైంది, నెల్లీ, మోరిస్ పోయినప్పుడు కూడా ఆ పని నడుస్తూనే ఉంది. అక్క చెప్పిన లెక్క గుర్తుపెట్టుకుని చూస్తాను. బాగా ఎత్తులో ఉంటాయి కదా, చిన్న బైనాక్యులర్ తీసుకెళ్లనా మాస్టారూ?

మాస్టారు:
తీసుకెళ్లమ్మా. మధ్యాహ్నం వెలుతురు బాగున్నప్పుడు వెళ్లు. స్కెచ్‌బుక్ మర్చిపోకు.

బెజవాడ_బ్రష్:
తల్లీ, నాకోసం ఒక్కటి చూసిరా. నలభై అడుగుల కటౌట్ గీసేటప్పుడు మేం తల కొంచెం పెద్దది చేసేవాళ్లం, కింద నిలబడి చూసేవాడికి చిన్నదైపోకుండా. పైకప్పుకి వేసినప్పుడు ఆయన ఏం చేశాడు? సరిగ్గా బొమ్మ కింద నిలబడి ఒకసారి, నాలుగడుగులు వెనక్కి జరిగి ఒకసారి చూడు. తల, భుజాలు, పాదాలు కొలత ఎక్కడ మారిందో వచ్చి ఇక్కడ రాయి. ఎదురు చూస్తుంటాను.